కట్టుకొడుకు

జయరాముడు సార్ మా ఫ్లెక్స్ షాపులో అడుగుపెట్టాడంటే నాకు ఒక పూట పని చెడినట్టే. హిందూపురం బస్టాండుకు ఎదురుగా ఉంటుంది నా షాపు. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, శ్రద్ధాంజలులు, నాయకులకు స్వాగతాలు, ఏది కావాలన్నా ప్రింటు చేసిస్తాను. సార్ వచ్చి, కంప్యూటరు పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. "శ్రద్దాంజలి అని కొట్టినావేమప్పా మనోహరా? ద కింద ధ వత్తు పెట్టు. చచ్చిపోయినాయనకు ఆ మాత్రం మర్యాద ఇయ్యొద్దా?" అంటాడు. కస్టమరు పక్కన నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటాడు. నాకు లోపల మండిపోతూ ఉంటుంది. అయినా దిద్దుతాను. పెనుకొండ హైస్కూల్లో నా చెవి మెలిపెట్టి తెలుగు నేర్పిన చెయ్యి అది.

నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. "సార్, మీరు చదివిన వ్యాకరణం, ఛందస్సు, తర్కం అన్నీ మూటగట్టి సంతలో పెడితే ఒక కిలో టమోటాలు వస్తాయా?" అని అడిగేవాణ్ణి. ఆయన నవ్వేసి, "రావప్పా. సంతకు తీసుకుపోయే సరుకు కాదు అది" అనేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి ఫ్లెక్సులు కొడుతున్నవాణ్ణి కాబట్టి, ఆ నవ్వు కొంచెం నా మీద కూడా అనిపించేది.

ఆయనతో వేగడం ఇంతే అయితే బాగానే ఉండేది. కానీ ఇంకొకటి ఉంది. ఒక్కొక్కరోజు మిట్టమధ్యాహ్నం, మాట మధ్యలో ఆగిపోయేవాడు. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు తల వీధి వైపు తిరిగేది. పెదవులు గట్టిగా బిగించుకునేవాడు. కాసేపటికి తల మళ్ళీ తిరిగేది, ఇంకాసేపటికి మళ్ళీ. మూడోసారి అయ్యాక పెద్దగా ఊపిరి వదిలి, ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడి నుంచి మాట అందుకునేవాడు. ఫ్యాను కిందే కూర్చున్నా చొక్కా వీపుకు అంటుకుపోయి ఉండేది.

"ఎవరు సార్?" అని అడిగితే, "ఎవురూ లేరప్పా, నువ్వు పని చూసుకో" అనేవాడు.

వయసు మీద పడింది, చెవుల్లో ఏదో హోరు అనుకున్నాను. ఒకనాడు షాపు ముందు దిష్టికి గుమ్మడికాయ కొడుతుంటే అదే జరిగింది. పోయిన నెల కూడా కాయ కొట్టిన రోజే కదా ఇలా అయింది అని తట్టింది. మా బజారులో ప్రతి షాపువాడూ గుమ్మడికాయ కొట్టేది అమావాస్యకు. ఆ తర్వాత కనిపెట్టి చూశాను. ప్రతి అమావాస్యకూ ఇదే. అప్పటి నుంచి ఆ పూట ఆయన పక్కన కూర్చోవాలంటే నాకు భయంగా ఉండేది. ఆయన వెనక ఉన్న ఖాళీ వీధిని చూడబుద్ధయ్యేది కాదు.

సార్ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. పుట్టింది గోరంట్ల దగ్గర మరువపల్లెలో. చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటును మరువ అంటారు. ఆ ఊరి మరువ మీద నీళ్ళు పారగా చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. సార్ వాళ్ళది తరతరాలుగా భూములున్న ఇల్లు. చెరువు కింద వాళ్ళకు మంచి మాగాణి ఉండేది. ఊరంతా దాన్ని కట్టుకొడుకు చేను అంటారు. చెరువు కట్టమీద నిలువెత్తు రాయి ఒకటి ఉంది, దాని నిండా అక్షరాలు.

ఆ ఇంట్లో పుట్టే మొదటి మగబిడ్డ చెరువు సొత్తు అని వాళ్ళ నమ్మకం. పూర్వం కట్ట ఎన్నిసార్లు పోసినా నిలవకపోతే, ఇంటి పెద్దకొడుకును ఆ మట్టిలో కట్టేశారట. ఆ మాటే రాతిమీద 'కట్టు కొడుకు' అని చెక్కి ఉందట. రాయి తరతరానికీ అడుగుతూనే ఉంటుందట. బిడ్డను చెరువుకు ఇవ్వడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? అందుకని చెరువు కళ్ళు కప్పే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. ఏడాది నిండిన రోజు మిట్టమధ్యాహ్నం, బిడ్డను కొత్త పలుపుతో, అంటే ఎద్దును గుంజకు కట్టే తాడుతో, ఆ రాతికి కడతారు. నోట్లో బెల్లం ముక్క పెడతారు. తల్లి వాణ్ణి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తుంది. బిడ్డ పలకకూడదు. పలకని బిడ్డ నా బిడ్డ కాదని రాతితో చెప్పి, తల్లి వెనక్కి చూడకుండా ఇంటికి పోతుంది. అప్పుడు వేరే ఇంటి ఆడమనిషి వచ్చి, తాడు విప్పి, ఎత్తుకుని తన ఊరికి తీసుకుపోతుంది.

ఆ తర్వాత కన్నతల్లి వాణ్ణి కొడుకా అని, నాయనా అని పిలవకూడదు. వాడు ఆ కట్టమీద కాలు పెట్టకూడదు. మనిషి కంటికి కనబడకుండా ఎవరు పిలిచినా జన్మంతా పలకకూడదు. పలికితే చెరువుకు దొరికిపోతాడు.

అలా కట్టి, విప్పి, ఇచ్చేసిన బిడ్డ మన జయరాముడు సార్. ఎత్తుకొచ్చిన గంగాదేవి ఆయన తల్లికి దూరపు చుట్టం, హిందూపురంలో పిల్లలు లేని ఇల్లు. ఆమె మంచిదే, కడుపునిండా పెట్టి పెంచింది. కానీ బడిలో పిల్లలు "కట్టుకొడుకు, కట్టుకొడుకు" అని వెంటపడి ఏడిపించేవారు. ఆ మాటకు అర్థమేమిటని ఇంట్లో అడిగితే గంగాదేవి చెవులు మూసుకునేది. అయ్యవార్లను అడిగితే తెలియదన్నారు. నిఘంటువులో వెతికితే దొరకలేదు. ఇంకా పెద్ద నిఘంటువులో వెతికాడు, అందులోనూ లేదు. దొరకని ఆ ఒక్క మాట కోసమే తన చదువంతా సాగిందని సార్ ఒకసారి నాతో అన్నాడు. తోటివాళ్ళు సైన్సు వైపు, కామర్సు వైపు పోతుంటే ఈయన ఓరియంటల్ కాలేజీలో చేరి తెలుగు, సంస్కృతం, వ్యాకరణం, తర్కం చదివాడు. మన హిందూపురంలో కన్నడం ఎలాగూ అందరి నోట్లో ఉండేదే. దాంతో పాటు పాత కన్నడం, పాత లిపులు కూడా నేర్చుకున్నాడు. ఊళ్ళో ఎవరికీ అక్కరలేని చదువు అది.

క్లాసులో ఆయన చెప్పిన పాఠాల్లో నాకు ఒక్కటే బాగా గుర్తుంది. "చెట్టు కొట్టినాడు అనొచ్చురా. చెట్టును కొట్టినాడు అనకపోయినా అర్థమవుతాది. మరి పిల్లోడు కొట్టినాడు అంటే? దెబ్బ తినింది ఎవురో తెల్లేదు. పిల్లోణ్ణి కొట్టినాడు అనాల. జడానికి విభక్తి పోయినా ఫర్వాలేదు, ప్రాణం ఉండేదానికి పోకూడదు. ప్రాణిని రాయి మాదిరి వాడొద్దని మన భాష చెప్తాది." మేం వెనక బెంచీలో ఒకణ్ణొకడు గిల్లుకుంటూ, "వీణ్ణి గిల్లినాను సార్, విభక్తి పెట్టే గిల్లినాను" అని నవ్వుకునేవాళ్ళం.

పోయిన ఎండాకాలంలో ఒక అమ్మాయి చంకలో బిడ్డతో షాపుకొచ్చింది. ధర్మవరంలో పొద్దున రైలెక్కి వచ్చానంది. బిడ్డకు మొదటి పుట్టినరోజు, ఫ్లెక్స్ కావాలని ఫోన్లో ఫోటో చూపించింది. సార్ అలవాటుగా కుర్చీ ముందుకు జరిపి, "పేరు చెప్పమ్మా, తప్పుల్లేకుండా కొట్టిస్తా. ఊరు ఏది?" అన్నాడు.

"మరువపల్లె."

సార్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నేను స్వప్నను పెద్దమామా. మీ తమ్ముడు కుళ్ళాయప్ప గారి కోడల్ని, రమేష్ భార్యను" అంది ఆ అమ్మాయి. "ఫ్లెక్సు కోసరం రాలేదు. మీరు ఈడ కూర్చుంటారని తెలిసి వచ్చినా."

ఆ ఇంటివాళ్ళు ఎప్పుడైనా పెళ్ళిలోనో చావులోనో ఎదురుపడితే సార్‌ను అయ్యవారు అంటారు. సొంత తమ్ముడూ అంతే. పెద్దమామా అని వరుస పెట్టి పిలిచిన మొదటి మనిషి ఈ అమ్మాయే. సార్ కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

స్వప్న పుట్టిల్లు ధర్మవరం. కాన్పయ్యాక గానీ ఆమెకు ఈ ఆచారం సంగతి ఎవరూ చెప్పలేదు. ఆదివారం బిడ్డకు ఏడాది నిండుతుంది. తీసుకుపోవడానికి మనుషులను కూడా చూసిపెట్టారు. మొగుడు తల వంచుకుని, అందరూ చేసిందే కదా అంటున్నాడు. కుళ్ళాయప్ప తన పెద్దకొడుకును అమరాపురంలో ఇచ్చేశాడు. అంతకు రెండు తరాల ముందు, ఇవ్వనని మొండికేసిన ఒకామె కొడుకు ఐదేళ్ళప్పుడు చెరువులో పడి చనిపోయాడు. ఎదురు మాట్లాడితే అందరూ ఆ బిడ్డ పేరే ఎత్తుతారు.

"మీరు అట్ల పోయి పెరిగినోళ్ళు కదా పెద్దమామా. ఎట్లుండాదో మీరే చెప్పల్ల. బాగుంటాది అని మీరు అంటే ఇచ్చేస్తా. ఇంకేం అడగను" అంది స్వప్న.

"తిండికి, బట్టకు ఏం తక్కువ చెయ్యలేదమ్మా" అన్నాడు సార్. "అయితే అమావాస్య మిట్టమధ్యాహ్నం నన్ను ఎవురో పిలుస్తారు. ఆడమనిషి గొంతు. ఊహ తెలిసిననాటి నుంచి వింటాండా. చెరువే పిలుస్తాండాది, పలకొద్దని పెంచినమ్మ చెప్పె. నేను తర్కం చదివినా. చెరువుకు గొంతు ఉండదని నాకు తెలుసు. అయినా ఒక్కనాడూ పలకలేదు. అట్ల ఉంటాది."

ఇన్నేళ్ళుగా నా పక్కన కూర్చుని ఈయన వింటున్నది ఇదన్నమాట.

స్వప్న బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆ రాతిమీద నిజంగా ఏముండాది?"

"చదివినోళ్ళు ఎవురూ లేరు. పాత రాత. ఊర్లో ఎవురికీ రాదు."

"మీకు వస్తాది కదా?"

"పెద్దకొడుకులు కట్ట ఎక్కకూడదమ్మా."

"మరి ఇంత చదువు ఎందుకు చదివినారు పెద్దమామా?"

నేను ఎన్నోసార్లు అడిగిన ప్రశ్నే. కానీ ఆ అమ్మాయి ఎగతాళిగా అడగలేదు, నిజంగా జవాబు కావాలని అడిగింది. సార్ ముఖం చూస్తే, ఇన్నాళ్ళూ అలా అడిగినందుకు నాకే సిగ్గేసింది. "ఆదివారం వస్తాండా" అన్నాడు ఆయన.

ఆదివారం నా వ్యాన్‌లో బయలుదేరాం. గోరంట్లకు తిన్నగా పోయే దారి ఉన్నా, పెనుకొండ మీదుగా పోదామన్నాడు. తాను పనిచేసిన బడి గోడ పక్కన ఆపించాడు. సెలవు కావడంతో గేటు మూసి ఉంది. పైన కొండ, ఎండలో కోట గోడలు తెల్లగా వెలిసిపోయి కనబడుతున్నాయి. సార్ దిగలేదు. నీళ్ళ సీసా మూత తీశాడు గానీ తాగలేదు.

"భయంగా ఉండాదప్పా" అన్నాడు. "నిజంగా కట్టు కొడుకు అనే ఉండాదనుకో, ఆ బిడ్డ పోతాడు. నేనే చదివి సాగనంపినట్టు అవుతాది."

"లేకపోతే?"

"లేకపోతే ఇంకా కష్టం. మా అమ్మ ఉండాది ఆడ. ఎనభై దాటినాది. నన్ను ఏమిటికి ఇచ్చేసినావమ్మా అంటే, నీ ప్రాణం కోసరమని చెప్పుకునేకి ఆమెకు ఈ నమ్మకం ఒకటే ఉండాది. దాన్ని నేను ఎట్ల తీసేసేది?"

బండి స్టార్ట్ చేశాను.

మరువపల్లె చెరువులో చుక్క నీరు లేదు. పగుళ్ళిచ్చిన అడుగు మీద తుమ్మచెట్లు అడవిలా మొలిచాయి. గాలికి వాటి ఎండుకాయలు గలగలమంటుంటే చిన్నపిల్లలు గజ్జెలు కట్టుకుని తిరుగుతున్నట్టు వినపడుతోంది. ఇంకే చప్పుడూ లేదు. మధ్యాహ్నపు ఎండలో కట్టమీద పదిమంది దాకా నిలబడి ఉన్నారు.

మేం పోయేసరికే బిడ్డను కట్టేశారు. నడుముకు కొత్త పలుపు, నోట్లో బెల్లం. నేను చూసిన పిల్లలెవరైనా అలా కడితే ఊరు లేచిపోయేలా ఏడ్చేవాళ్ళు. వీడు ఏడవడం లేదు. ఎండిన చెరువు వైపు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఆ రాయి తరతరాల నూనెకూ పసుపుకూ నల్లగా నిగనిగలాడుతోంది. బిడ్డ నడుమెత్తులో రాతి చుట్టూ తాళ్ళు ఒరుసుకుని పడిన గాడులు, ఒకదాని మీద ఒకటి. ఎంతమందిని కడితే రాయి అలా అరుగుతుంది? స్వప్న పక్కనే నిలబడి ఉంది. పిలవమని అందరూ సైగ చేస్తున్నారు. ఆమె నోరు విప్పడం లేదు.

సార్ చెప్పులు విడిచి కట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.

"అయ్యవారూ! ఎక్కొద్దు! మీకు తెల్లేదా?" కుళ్ళాయప్ప పెద్దగా అరిచాడు. ముసలివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. సార్ ఆగలేదు. నేనూ వెనకే ఎక్కాను. రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పూజ పళ్ళెంలో ఉన్న ముగ్గుపిండి గుప్పెడు తీసుకుని అక్షరాల మీద రుద్దాడు. నల్లటి రాతిమీద తెల్లటి గీతలు తేలాయి. నాకు అందులో ఒక్కటీ అర్థం కాలేదు. సార్ వేలు పై వరుస నుంచి మెల్లగా జరుగుతూ వచ్చింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడే ఆగింది. ఆ తర్వాత కిందిదాకా గబగబా పోయింది.

చదవడం అయిపోయింది. సార్ లేచి, కట్ట అంచున గొడుగు కింద కూర్చున్న ముసలామెను చూశాడు. ఆమె కొండమ్మ, ఆయన తల్లి. ఒకరినొకరు అంత దగ్గర నుంచి చూసుకుని ఎన్నేళ్ళయిందో. బిడ్డ బెల్లం చప్పరిస్తున్న చప్పుడు వినపడుతోంది.

కొండమ్మే మాట్లాడింది. "ఏముందో చెప్పండి అయ్యవారూ. మీరు చదువుకునింది దానికే కదా."

సార్ రాతిమీద వేలు పెట్టాడు. "ఈడ ఉండేది కట్టు కొడుకు కాదు. కట్టుకొడుగె. ఒకటే మాట. కన్నడంలో కొడు అంటే ఏమి?"

"ఇవ్వు అని" అన్నాడు రమేష్. అది ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు.

"కొడుగె అంటే ఇచ్చింది. కట్టు అంటే చెరువు కట్ట. కట్ట కట్టినందుకు రాజు ఇచ్చిన భూమి, కట్టుకొడుగె. మీ కింద ఉండే ఆ చేను. కట్టుకొడుగె చేను అని ఉండేది. మాట పాతబడిపోయె. అర్థం తెలీనోళ్ళ నోట్లో పడి కట్టుకొడుకు చేను అయిపోయె. పేరు ఎందుకొచ్చెనో అని ఎవురో ఒక కథ కట్టినారు. కథను నమ్మి ఆచారం పెట్టినారు. కాలేజీలో చదివినా ఈ మాట నేను. శాసనాల పాఠంలో ఉండె. ఇన్నేండ్లు నా తలకాయలోనే ఉండాది. చెవిలో కొడుకు అని పడిపోయి ఉంటే ఇంక తట్టలేదు." ఆయన ఆ మాట మీద నుంచి వేలు తీయలేదు. "అంతకుముందే నాకు అనుమానం రావాల్సింది. కొడుకును కట్టమనేటట్టయితే కొడుకును అని ఉండల్ల కదా. విభక్తి యాడ పోయె? ప్రాణం ఉండేదానికి విభక్తి పోదని నేనే పిల్లోళ్ళకు చెప్తి."

"కొడుకు మాటే లేదా దాంట్లో?" అన్నాడు కుళ్ళాయప్ప.

"ఉండాది. కింద వరసలో. ఏటేటా కట్టకు మట్టి పోసి, మరువ బాగుచేస్తా ఉండల్ల. అట్ల చేస్తా ఉంటే ఈ భూమి మీ కొడుకులకు, మనుమలకు, వాళ్ళ కొడుకులకు చెందుతాది. కొడుకులకు ఇమ్మని ఉండాదప్పా. కొడుకులను ఇమ్మని లేదు."

"శాపం?" ఎవరో వెనక నుంచి అడిగారు.

"అదీ ఉండాది. కట్టకు మట్టి పొయ్యనోళ్ళకు."

అందరూ ఎండిన చెరువు వైపు తిరిగారు. కుళ్ళాయప్ప తలకు చుట్టుకున్న తువాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చెరువులో పడిపోయిన బిడ్డ సంగతేమిటని అడగబోయిన ఒక ముసలాయనతో సార్, "నిండు చెరువు పక్కన ఇల్లు పెట్టుకుంటే పిల్లోళ్ళు పడతారు తాతా. మొదటోళ్ళే కాదు, ఎవురైనా పడతారు" అన్నాడు.

స్వప్న తాడు విప్పింది. విప్పగానే బిడ్డ బెల్లం ఉమ్మేసి గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక గానీ నాకు ఊపిరాడలేదు.

కొండమ్మ చెయ్యి చాచింది. సార్ ఆమెను లేపి రాతి దగ్గరకు నడిపించాడు. "ఆ అక్షరం ఏది?" అంది. ఆయన ఆమె వేలు పట్టుకుని దానిమీద పెట్టాడు. గె. ఆమె ఆ అక్షరాన్ని తడుముతూ ఉండిపోయింది. "ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే."

"మట్టి పొయ్యమంటే కొడుకులను ఇచ్చేస్తిమే" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండుననిపించింది నాకు. సార్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి ఏదో తప్పు చేసినట్టు అలా నిలబడటం చూసి నాకు దుఃఖం పొంగుకొచ్చింది.

ఆమె మళ్ళీ మాట్లాడింది. ఈసారి రాతితో మాట్లాడుతున్నట్టు, మెల్లగా. "అమావాస్యకు పొద్దు నెత్తిన ఉండంగా ఈడికి వస్తా ఉంటి. కొడుకా అనొద్దన్నారు. పేరు పెట్టి పిలవొద్దని మాత్రం ఎవురూ అనలేదు. జయరాముడా, జయరాముడా, జయరాముడా అని మూడు తూర్లు పిలిచి పోతా ఉంటి. యాడుండావో, అన్నం తిన్నావో లేదో అని."

గోరంట్ల నుంచి హిందూపురానికి బస్సులో పోవాలన్నా గంట పైనే పడుతుంది. మండుటెండలో నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"వినపడతా ఉండె" అన్నాడు సార్.

"మరి పలకలేదే?"

"పలకకూడదన్నారు కదమ్మా."

అమ్మా అన్నాడు. ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని, ఎక్కడో దూరాన ఉన్నవాణ్ణి పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది. "జయరాముడా." సార్ పెదవులు వాటంతట అవే బిగుసుకున్నాయి. షాపులో నేను ఎన్నోసార్లు చూసిన బిగువే. "జయరాముడా." ఆయన దవడలు అదిరాయి గానీ నోరు తెరుచుకోలేదు. జన్మంతా మూసిన నోరు అది. మూడోసారి ఆమె పేరు పెట్టలేదు.

"కొడుకా."

"ఓ" అన్నాడు సార్.

ఇప్పుడు ఆ బిడ్డ మరువపల్లెలోనే ఉన్నాడు, తల్లి దగ్గర. కుళ్ళాయప్ప ట్రాక్టర్లు పెట్టి కట్టకు మట్టి తోలిస్తున్నాడు. అమరాపురంలో ఉన్న పెద్దకొడుకుకు చాలాసార్లు ఫోన్ చేశాడట. వాడు ఎత్తలేదు. రాతి పక్కన పెట్టడానికి ఆ శాసనం అర్థం అంతా నేనే పెద్ద ఫ్లెక్స్ మీద కొట్టిచ్చాను. సార్ దాన్ని రెండుసార్లు దిద్దించాడు. ఈసారి నాకు మండలేదు.

కొండమ్మ హిందూపురంలో సార్ ఇంట్లోనే ఉంటోంది. ఒక్కొక్కరోజు ఆయన చెయ్యి పట్టుకుని నా షాపుకు కూడా వస్తుంది. పోయిన అమావాస్యకు వచ్చారు. పిలిచే మనిషి పక్కనే కూర్చుని ఉంది కాబట్టి నేను ఏ భయమూ లేకుండా గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించాను.

సార్ మాట ఆగిపోయింది. తల వీధి వైపు తిరిగింది. నేను వెంటనే కొండమ్మను చూశాను. ఆమె నోరు కదలలేదు. ఆమె తల కూడా వీధి వైపే తిరిగి ఉంది.

"ఎవురు నాయనా పిలుస్తాండేది?" అంది. "ఆడమనిషి గొంతు మాదిరుండాదే. పేరు నీది కాదు."

నాకు ఆ రాతి చుట్టూ ఉన్న గాడులు గుర్తుకొచ్చాయి. ఎంతమంది తల్లులు, ఎంతమంది కొడుకులు. వాళ్ళలో ఎవరూ పలికి ఉండరు.

"నీకు ముందరి తల్లులు అయ్యుంటారమ్మా" అన్నాడు సార్. లేచి, షాపు గడప దాకా నడిచి, ఎండలో ఖాళీగా ఉన్న వీధికి ఎదురుగా నిలబడ్డాడు. "ఓ అమ్మా" అని గట్టిగా పలికాడు. కాసేపు ఆగి మళ్ళీ పలికాడు. ఇంకోసారి పలికి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

నాకు ఏమీ వినపడలేదు. వినపడలేదనే చెప్తాను. గుమ్మడికాయ మీద కర్పూరం ఆరిపోయేదాకా దాన్ని అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాను.